అట్టడుగున ఒక పోరాటం

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడలను గురించిన రచనలలో విజేతల ప్రస్తావనే అధికం. అట్టడుగున ఉండి తమ స్థానాన్ని కాపాడుకోవడానికి పోరాడే వారి శ్రమ సాధారణంగా పత్రికలలో చిన్న అక్షరాలకే పరిమితమవుతుంది. అటువంటి ఒక పోరాటాన్ని వివరించడం, జయాపజయాలకు గల కారణాలను తొందరపడకుండా పరిశీలించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

వైకుంఠపాళి తెలుగువారికి చిరపరిచితమైన ఆట. నిచ్చెన పాదానికి చేరిన పావు ఒక్కసారిగా పైవరుసకు పోతుంది. పాము నోట పడిన పావు అంతవరకు ఎక్కినదంతా కోల్పోయి కిందికి జారుతుంది. ఆ ఎక్కడాన్నీ జారడాన్నీ నిర్ణయించేది గవ్వల పందెం మాత్రమే. ఆడేవాని నైపుణ్యానికి అందులో తావు లేదు. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ వ్యవస్థలో కూడా ఇటువంటి నిచ్చెనలూ పాములూ ఉన్నాయి. అయితే అక్కడ వాటిని నిర్ణయించేది గవ్వలు కావు. ఆగస్టు మాసం నుంచి మే మాసం వరకు సాగే సుదీర్ఘమైన ఆట.

ఆ దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు అనేక శ్రేణులుగా విభజింపబడి ఉంటాయి. వాటిలో అన్నింటికంటె పైనున్నది ప్రీమియర్ లీగ్. అందులో ఇరవై జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగిలిన పందొమ్మిది జట్లతోను తన మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి తలపడుతుంది. ఈ విధంగా ఒక్కొక్క జట్టు మొత్తం 38 ఆటలు ఆడుతుంది. గెలిచిన జట్టుకు మూడు పాయింట్లు, ఆట సమంగా ముగిస్తే రెండు జట్లకూ ఒక్కొక్క పాయింటు లభిస్తాయి. ఓడిన జట్టుకు ఏమీ దక్కదు. చివరికి అత్యధిక పాయింట్లు సాధించిన జట్టు విజేత అవుతుంది. పట్టికలో చివరి మూడు స్థానాలలో నిలిచిన జట్లు తరువాతి సంవత్సరం చాంపియన్‌షిప్ అనే రెండవ శ్రేణికి దిగిపోవలసి ఉంటుంది. దీనినే రెలిగేషన్ అంటారు. కింది శ్రేణి నుంచి మూడు జట్లు పైకి వచ్చి ఆ ఖాళీలను పూరిస్తాయి.

ఈ పద్ధతి ఈనాటిది కాదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగ్ 1888లో పన్నెండు క్లబ్బులతో ఏర్పడింది. 1892లో దానికి రెండవ శ్రేణి తోడైంది. మొదట్లో పై శ్రేణిలో అడుగున ఉన్న జట్లకూ, కింది శ్రేణిలో ముందున్న జట్లకూ మధ్య పరీక్షా పోటీలు జరిపి ఎవరు ఏ శ్రేణిలో ఉండాలో తేల్చేవారు. 1898లో ఆ పోటీలను తొలగించి, పట్టికలోని స్థానాన్ని బట్టే ఎక్కడం దిగడం జరిగే పద్ధతిని ప్రవేశపెట్టారు.

మన దేశంలో ప్రజాదరణ పొందిన ఇండియన్ ప్రీమియర్ లీగ్ క్రికెట్‌లో ఈ పద్ధతి లేదు. అక్కడ చివరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది యథాప్రకారం అదే పోటీలో ఆడుతుంది. కాని రంజీ ట్రోఫీలో ఉంది. 2022-23 రంజీ పోటీలలో తన బృందంలో అట్టడుగున నిలిచిన హైదరాబాదు జట్టు ఎలైట్ విభాగం నుంచి ప్లేట్ విభాగానికి దిగవలసి వచ్చింది. ఆ జట్టు మరుసటి సంవత్సరం ప్లేట్ విభాగంలో విజేతగా నిలిచి, తిరిగి పై విభాగానికి చేరుకుంది. దిగజారడం అంటే ఏమిటో, తిరిగి ఎక్కడం అంటే ఏమిటో తెలుగు నేల మీది క్రీడాభిమానులకు అనుభవపూర్వకంగా తెలిసిన సందర్భమిది.

రెలిగేషన్ వల్ల కలిగే నష్టం గౌరవానికి మాత్రమే సంబంధించినది కాదు. ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ఆదాయంలో పెద్ద భాగం టెలివిజన్ ప్రసార హక్కుల ద్వారా వస్తుంది. కింది శ్రేణికి దిగిన వెంటనే ఆ రాబడి బాగా తగ్గిపోతుంది. దిగిపోయిన క్లబ్బులకు కొన్ని సంవత్సరాల పాటు లీగ్ కొంత సహాయధనం ఇస్తుంది. అయినా అది లోటును పూర్తిగా భర్తీ చేయలేదు. పేరున్న ఆటగాళ్లు క్లబ్బును వీడిపోతారు. కార్యాలయంలోను, మైదానంలోను పనిచేసే చిరుద్యోగుల జీవనోపాధికి సైతం ముప్పు ఏర్పడుతుంది. కాబట్టి పట్టికలో పదిహేడవ స్థానానికీ పద్దెనిమిదవ స్థానానికీ మధ్య ఉన్న గీత, చూడడానికి సన్ననిదే అయినా, ఒక ఊరి క్రీడా జీవితాన్ని రెండుగా చీల్చగలదు.

ఈ సత్యాన్ని చేదుగా చవిచూసిన నగరం లీస్టర్. ఇంగ్లండు మధ్యభాగంలో ఉన్న ఈ నగరం ఒకనాడు మేజోళ్లు, పాదరక్షల పరిశ్రమలకు పేరు పొందింది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ తమ దేశం నుంచి వెళ్లగొట్టిన ఆసియా ప్రజలలో చాలామంది ఇక్కడ స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరవాసులలో నాలుగో వంతుకు పైగా భారతీయ మూలాలు కలవారు. 1884లో లీస్టర్ ఫాస్ అన్న పేరుతో ప్రారంభమైన ఈ ఊరి క్లబ్బు, 1919లో లీస్టర్ సిటీగా మారింది. 2002లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగజారిన కొద్ది నెలలకే అది అప్పుల భారం మోయలేక దివాలా అంచుకు చేరింది. మరుసటి సంవత్సరం పైకి వచ్చినా, 2004లో మళ్లీ దిగిపోయింది. 2008లో తన చరిత్రలో మొదటిసారి మూడవ శ్రేణికి పడిపోయింది. 2010లో థాయిలాండు వ్యాపారవేత్త విచాయ్ శ్రీవద్ధనప్రభ నాయకత్వంలోని బృందం ఆ క్లబ్బును కొనుగోలు చేసింది. ఆయన ఇంటిపేరులోని సంస్కృత మూలాన్ని తెలుగు పాఠకుడు సులభంగా గుర్తుపట్టగలడు. 2014లో రెండవ శ్రేణి విజేతగా నిలిచి, పదేళ్ల ఎడబాటు తరువాత లీస్టర్ తిరిగి ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది. అప్పుడు జట్టు మేనేజర్ నైజెల్ పియర్సన్.

2014-15 సంవత్సరపు పోటీలు లీస్టర్‌కు ఆశాజనకంగానే ఆరంభమయ్యాయి. సెప్టెంబరు 21న సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ వంటి మహాబలమైన జట్టు మీద 3-1 తేడాతో వెనుకబడి ఉండి కూడా, చివరి అరగంటలో నాలుగు గోల్స్ సాధించి 5-3తో గెలుపొందింది. ఐదు ఆటలలో ఎనిమిది పాయింట్లు చేతికి వచ్చాయి. కొత్తగా పైకి వచ్చిన జట్టుకు అది గొప్ప ఆరంభం. అభిమానుల ఆనందానికి అవధులు లేవు.

అయితే ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. తరువాతి పదమూడు ఆటలలో లీస్టర్ ఒక్కటి కూడా గెలవలేకపోయింది. రెండు సమంగా ముగిశాయి, పదకొండింటిలో ఓటమి. అక్టోబరు, నవంబరు మాసాలలో వరుసగా ఐదు ఆటలలో ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది. నవంబరు 29న పట్టికలో అట్టడుగు స్థానానికి చేరుకుంది. క్రిస్మస్ పండుగ నాటికి కూడా అక్కడే ఉంది. ప్రీమియర్ లీగ్ చరిత్రలో క్రిస్మస్ నాడు అట్టడుగున ఉండి, చివరకు దిగజారకుండా తప్పించుకున్న జట్లు అప్పటికి రెండే. 2004-05లో వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్, 2013-14లో సండర్‌లాండ్. ఆ జాబితాను చూసినవారు లీస్టర్ మీద ఆశ వదులుకోవడంలో వింత లేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని గమనించాలి. ఆ పదకొండు ఓటములలో ఆరు కేవలం ఒక్క గోల్ తేడాతో సంభవించినవి. లీస్టర్ జట్టు ప్రత్యర్థుల ముందు పూర్తిగా తేలిపోలేదు. ప్రతిసారీ కొద్దిలో తప్పిపోతూ వచ్చింది. కాని పాయింట్ల పట్టికకు ఈ తారతమ్యం తెలియదు. ఒక గోల్‌తో ఓడినా, ఐదు గోల్స్‌తో ఓడినా దక్కేది సున్నాయే. పట్టికను మాత్రమే చదివేవారికి అది అసమర్థుల జట్టు. ఆటను చూసేవారికి అది గెలుపునకు అడుగు దూరంలో ఆగిపోతున్న జట్టు. ఈ రెండు దృష్టుల మధ్య ఉన్న తేడాయే ఆ తరువాతి కథకు పునాది.

డిసెంబరు 28న హల్ సిటీ మీద, జనవరి 10న ఆస్టన్ విల్లా మీద 1-0 తేడాతో గెలిచి లీస్టర్ కొంత ఊపిరి పీల్చుకుంది. కాని ఆ తరువాత మళ్లీ ఓటములు వరుస కట్టాయి. ఫిబ్రవరిలో మేనేజర్ పియర్సన్‌ను తొలగించారన్న వార్త ఒకటి గుప్పుమన్నది. అది నిజం కాదని, ఆయనే కొనసాగుతున్నారని క్లబ్బు ప్రకటించవలసి వచ్చింది. మార్చి 21న టాటెన్‌హామ్ జట్టుతో జరిగిన ఆటలో మూడు గోల్స్ చేసి కూడా 4-3తో ఓడిపోయింది. అప్పటికి 29 ఆటలు ముగిశాయి. చేతిలో ఉన్నవి 19 పాయింట్లు. సురక్షిత స్థానం ఏడు పాయింట్ల దూరంలో ఉంది. మిగిలినవి తొమ్మిది ఆటలు మాత్రమే.

ఆ ఆటకూ తరువాతి ఆటకూ మధ్య నగరంలో ఒక విశేషం జరిగింది. 1485లో యుద్ధరంగంలో మరణించిన ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్ అస్థికలు 2012లో లీస్టర్‌లోని ఒక వాహనాల నిలుపుదల స్థలం కింద బయటపడ్డాయి. వాటిని 2015 మార్చి 26న నగరంలోని కెథీడ్రల్‌లో రాజలాంఛనాలతో తిరిగి ఖననం చేశారు. ఆ తరువాతనే జట్టు దశ తిరగడంతో, రాజు ఆత్మ శాంతించి ఊరిని దీవించిందని అభిమానులు కొందరు చమత్కరించారు. జనం కథలు అల్లుకోవడం ఏ దేశంలోనైనా సహజమే. అయితే ఆ మలుపు వెనుక మానవ ప్రయత్నం స్పష్టంగా కనిపిస్తుంది.

పియర్సన్ ఆ చివరి దశలో రక్షణ శ్రేణిని ముగ్గురితో తీర్చి, ఇరు పక్కలా వేగంగా ముందుకూ వెనుకకూ పరుగెత్తగల ఆటగాళ్లను నిలిపాడు. ఫిబ్రవరిలో స్టోక్ సిటీ నుంచి తాత్కాలికంగా తెచ్చుకున్న రాబర్ట్ హూత్, నాయకుడు వెస్ మోర్గాన్‌తో కలిసి రక్షణకు బలమిచ్చాడు. అంతకుముందు తక్కువ అవకాశాలు పొందిన మార్క్ ఆల్‌బ్రైటన్‌కు జట్టులో స్థిరమైన చోటు దక్కింది. పాదానికి గాయమై వారాల తరబడి ఆటకు దూరమైన గోల్‌కీపర్ కాస్పర్ ష్మైకేల్ కోలుకుని తిరిగి వచ్చాడు. మధ్య శ్రేణిలో అర్జెంటీనా దేశస్థుడు ఎస్తెబాన్ కంబియాసో అనుభవం జట్టుకు నిబ్బరాన్నిచ్చింది. అతడు 2010లో ఇంటర్ మిలాన్ జట్టు తరఫున ఐరోపా చాంపియన్స్ లీగ్ గెలిచినవాడు. అంతటి కీర్తి గడించినవాడు అట్టడుగు జట్టు కోసం అలుపెరుగక శ్రమించడం తోటివారికి ఆదర్శమైంది. ముందు శ్రేణిలో జేమీ వార్డీ ఉన్నాడు. కొన్నేళ్ల క్రితం వరకు అతడు వైద్య పరికరాల కర్మాగారంలో పనిచేస్తూ, చిన్న క్లబ్బులకు ఆడిన సామాన్యుడు.

ఏప్రిల్ 4న వెస్ట్‌హామ్ మీద చివరి నిమిషాలలో ఆండీ కింగ్ చేసిన గోల్‌తో లీస్టర్ 2-1 తేడాతో గెలిచింది. వారం తరువాత వెస్ట్ బ్రామ్విచ్ మైదానంలో 2-1తో వెనుకబడి కూడా హూత్ గోల్‌తో స్కోరు సమం చేసింది. నిర్ణీత సమయం దాటిన తరువాత వార్డీ బంతిని గోల్‌లోకి పంపి 3-2 విజయాన్ని అందించాడు. ఏప్రిల్ 18న స్వాన్సీని 2-0తో ఓడించి, 140 రోజుల అనంతరం అట్టడుగు స్థానాన్ని విడిచింది. ఏప్రిల్ 25న తనవలెనే ప్రాణాలకు పోరాడుతున్న బర్న్‌లీని ఆ జట్టు మైదానంలోనే ఎదుర్కొన్నది. ఆ ఆటలో బర్న్‌లీకి పెనాల్టీ లభించింది. బంతి గోల్ స్తంభానికి తగిలి పక్కకు పోయింది. దాదాపు ఒక్క నిమిషంలోనే అవతలి వైపు వార్డీ గోల్ చేశాడు. ఆట 1-0తో ముగిసింది. స్తంభం మందమంత తేడాతో ఒక ఊరు నిట్టూర్చింది. మరొక ఊరు ఊపిరి పీల్చుకుంది.

ఆ సంవత్సరం విజేత అయిన చెల్సీ చేతిలో 3-1తో ఓడినా లీస్టర్ చలించలేదు. న్యూకాజిల్‌ను 3-0తోను, రియాద్ మహ్రెజ్ రెండు గోల్స్ చేయగా సౌతాంప్టన్‌ను 2-0తోను ఓడించింది. మే 16న సండర్‌లాండ్‌తో ఆట గోల్స్ లేకుండా ముగియడంతో లీస్టర్ స్థానం పదిలమైంది. మే 24న క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద 5-1తో గెలిచి, మొత్తం 41 పాయింట్లతో పద్నాలుగవ స్థానంలో నిలిచింది. మొదటి 29 ఆటలలో 19 పాయింట్లు సంపాదించిన జట్టు, చివరి తొమ్మిది ఆటలలో 22 పాయింట్లు సంపాదించింది. హల్ సిటీ, బర్న్‌లీ, క్వీన్స్ పార్క్ రేంజర్స్ కింది శ్రేణికి దిగిపోయాయి.

ఈ విజయానికి కారణమేమిటి? కష్టకాలంలో మేనేజర్‌ను మార్చకుండా యాజమాన్యం ఓర్పు వహించడమే కారణమని చాలామంది భావించారు. అందులో కొంత నిజం ఉంది. కాని ఆ ఒక్క మాటతో తృప్తిపడడం తగదు. హల్ సిటీ, బర్న్‌లీ యాజమాన్యాలు కూడా తమ మేనేజర్లను చివరివరకు మార్చలేదు. అయినా ఆ జట్లు దిగజారాయి. మేనేజర్లను మధ్యలో మార్చిన సండర్‌లాండ్, ఆస్టన్ విల్లా జట్లు తమ స్థానాన్ని నిలుపుకున్నాయి. కాబట్టి ఓర్పు ఉన్నచోట విజయం తప్పక వస్తుందని చెప్పడానికి వీలులేదు. ఓర్పు చేయగలిగినది ఒక్కటే. లోపాన్ని గుర్తించి దిద్దుకోవడానికి అవసరమైన వ్యవధిని అది ఇస్తుంది. ఆ వ్యవధిని లీస్టర్ సద్వినియోగం చేసుకున్నది. ఆట పద్ధతిని మార్చుకున్నది. తగినవారిని తగినచోట నిలిపింది. శీతకాలంలో ఒక్క గోల్ తేడాతో చేజారిన ఆటల వంటివే వసంతంలో ఒక్క గోల్ తేడాతో చేజిక్కాయి. ప్రయత్నం అవకాశాన్ని చేరువ చేసింది. బర్న్‌లీలో గోల్ స్తంభం రూపంలో అదృష్టం కూడా తోడైంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికో కీర్తి అంతా కట్టబెట్టడం సత్యదూరం.

ఆ తరువాతి చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. జట్టును కాపాడిన పియర్సన్‌ను అదే సంవత్సరం జూన్ 30న క్లబ్బు తొలగించింది. దృక్పథాలలో మౌలికమైన భేదాలున్నాయని కారణం చెప్పింది. ఆయన స్థానంలో ఇటలీ దేశస్థుడు క్లాడియో రానియేరి వచ్చాడు. 2015-16లో, పందెందారులు ఐదువేలకు ఒకటి చొప్పున మాత్రమే అవకాశం ఉందని తేల్చిన లీస్టర్, 81 పాయింట్లతో ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. మోర్గాన్, హూత్, ష్మైకేల్, ఆల్‌బ్రైటన్, మహ్రెజ్, వార్డీ ఆ విజయంలో ప్రధాన పాత్ర వహించారు. ముందటి వసంతంలో దిగజారి ఉంటే వారిలో ఎందరు ఆ క్లబ్బులో మిగిలి ఉండేవారో చెప్పలేము. శిఖరానికి వేసిన తొలి మెట్టు అట్టడుగున జరిగిన ఆ పోరాటమే.

2018 అక్టోబరు 27న మైదానం వెలుపల జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో విచాయ్ శ్రీవద్ధనప్రభతో పాటు మరి నలుగురు మరణించారు. 2023 మే 28న, పోటీల చివరి రోజున, లీస్టర్ తన ఆట గెలిచింది. కాని అదే సమయంలో ఎవర్టన్ కూడా తన ఆట గెలవడంతో రెండు పాయింట్ల తేడాతో లీస్టర్ కింది శ్రేణికి దిగిపోయింది. 2024లో పైకి వచ్చి, 2025లో మళ్లీ దిగజారింది. ఒకప్పుడు విజేత అన్న గౌరవం గాని, ఒకప్పుడు తప్పించుకున్న అనుభవం గాని దానిని కాపాడలేదు. ఈ వ్యవస్థలో ఏ జట్టు స్థానమూ వారసత్వంగా సంక్రమించేది కాదు. ప్రతి సంవత్సరమూ ఆడి నిలుపుకోవలసినదే.

అందువల్ల 2015 వసంతంలో లీస్టర్ సాధించినది తక్కువైనదని అనుకోరాదు. ఆ జట్టు ఆనాడు పతకమేదీ గెలవలేదు. ఇరవై జట్లలో పద్నాలుగవ స్థానం పొందింది. ఆ స్థానం కోసం తొమ్మిది ఆటల పాటు ఒక నగరం ఊపిరి బిగబట్టింది. పట్టికలో పై వరుసను మాత్రమే చదివేవారికి ఆ కథ కనిపించదు. దృష్టిని చివరి వరుసల వరకు సారించిన వారికే అది కనిపిస్తుంది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 2014-15 పోటీలలో లీస్టర్ సిటీ జట్టు ఎదుర్కొన్న ఒడుదొడుకులను వివరించండి.
2. ‘ఓర్పు ఉన్నచోట విజయం తప్పక వస్తుందని చెప్పడానికి వీలులేదు’. ఈ అభిప్రాయాన్ని పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. రెలిగేషన్ వల్ల ఒక క్లబ్బుకు కలిగే నష్టాలేవి?
2. రంజీ ట్రోఫీలో హైదరాబాదు జట్టు అనుభవాన్ని తెలపండి.
3. చివరి దశలో పియర్సన్ జట్టులో చేసిన మార్పులేవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లీస్టర్ జట్టు ఎన్ని రోజులు అట్టడుగు స్థానంలో ఉన్నది?
2. ఎస్తెబాన్ కంబియాసో ఏ దేశస్థుడు?
3. లీస్టర్ స్థానం పదిలమైనది ఏ జట్టుతో జరిగిన ఆటలో?